సమాజశాస్త్రం చదివే పెద్దలకు ఊరే పాఠం కావాలి

సంపాదకులకు నమస్కారం.

దూరవిద్య గురించి పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు ఫీజు గడువులు, ఫలితాల చుట్టూనే తిరుగుతాయి. మహిళా పొదుపు సంఘాల లెక్కలు రాస్తూ, నలభై దాటాక సమాజశాస్త్రంతో డిగ్రీ చదువుతున్న నేను, ఆ చదువు తీరు గురించి ఒక మాట చెప్పదలిచాను.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే ఏర్పడింది. నేడు అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ సంస్థ, బడి మానేసినవారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరేందుకు వీలు కల్పించి, ఎంతోమంది గృహిణులకు, కార్మికులకు తలుపు తెరిచింది. అయితే దూరవిద్యలో చేరాక మేము రాసే పరీక్షలు పద్దెనిమిదేళ్ల విద్యార్థి జ్ఞాపకశక్తిని దృష్టిలో పెట్టుకుని తయారుచేసినట్లే ఉంటున్నాయి.

వృత్తి కులాలవారు ఊరి కుటుంబాలకు ఏడాది పొడవునా సేవ చేసి, బదులుగా పంటలో వాటా పొందే జజ్మానీ వ్యవస్థనే తీసుకుందాం. ఉత్తరప్రదేశ్‌లోని ఒక గ్రామాన్ని పరిశీలించి విలియం వైజర్ 1936లో చెప్పిన లక్షణాలను మేము వరుసగా కంఠస్థం చేస్తాం. మా ఆదివారం తరగతికి వచ్చే ఒక రజక సోదరుడి కుటుంబం మొన్నమొన్నటి దాకా ఏడాది పొడవునా ఊరి బట్టలు ఉతికి, పంట వచ్చాక కల్లం దగ్గర ధాన్యం కొలిపించుకునేది. ఎవరు నిండుగా కొలిచేవారో, ఎవరు రేపు రమ్మని తిప్పేవారో, ఆ కట్టుబాటు వదిలి పట్నంలో ఇస్త్రీ బండి పెట్టుకున్నప్పుడు ఊరి పెద్దలు ఏమన్నారో ఆయన గంటసేపు చెప్పగలరు. జవాబు పత్రంలో మాత్రం ఆయన కూడా మా అందరిలాగే అయిదు లక్షణాలు రాసి వస్తారు.

అనుభవమే శాస్త్రమని నేను అనడం లేదు. ఊళ్లో పుట్టినంత మాత్రాన ఊరు తెలియదు, ఎవరికైనా తమ వాడకట్టు తెలిసినంతగా పక్క వాడకట్టు తెలియదు. అందుకే అడగడం, నమోదు చేయడం, సరిపోల్చడం నేర్పే అధ్యాపకుడు కావాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సమాజశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల తొలినాళ్లలో వివిధ విభాగాల వారితో కలిసి హైదరాబాద్ సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి, 1955లో ప్రచురించిన గ్రంథం భారత గ్రామ అధ్యయనాల్లో ముఖ్యమైనదిగా నిలిచింది. అవుటర్ రింగ్ రోడ్డు, బయోటెక్ సంస్థల కేంద్రమైన జీనోమ్ వ్యాలీ వచ్చిన తర్వాత అదే శామీర్‌పేటలో భూమి, కులం, పని ఎలా మారాయో తెలుసుకోవడం కన్నా మాకు మంచి పాఠం ఏముంటుంది? రెండు పేజీల్లో సమాజశాస్త్ర పితామహుడు అగస్ట్ కోంట్ జీవిత విశేషాలు చదవడం కన్నా అది మేలని నా అభిప్రాయం.

కాబట్టి చివరి సంవత్సరంలో ఒక రాత పరీక్షకు బదులుగా, విద్యార్థి తన ఊరిపైనో, తాను పనిచేసే చోటుపైనో తెలుగులో క్షేత్ర నివేదిక రాసే అవకాశం కల్పించాలని దూరవిద్యా సంస్థలను కోరుతున్నాను. నకలు నివేదికలు వస్తాయన్న భయం సహేతుకమే గాని, పావుగంట మౌఖిక పరీక్ష పెడితే ఊరు తిరిగినవారెవరో, తిరగనివారెవరో తేలిపోతుంది. నివేదిక గడువు మాత్రం వరి నాట్లు, కోతల రోజుల్లో పెట్టకూడదు. మా తరగతిలో చాలామంది అప్పుడు పొలాల్లోనే ఉంటారు.

ఇట్లు,
ఒక దూరవిద్య విద్యార్థిని,
సిద్దిపేట జిల్లా