జ్వీడే కుర్రాడి కథ

ఒరేయ్ బావా,

ఆదివారం ఫోన్లో మాట మధ్యలోనే కట్ అయింది. మళ్ళీ చేస్తే నువ్వు గ్రౌండ్‌కి వెళ్ళిపోయావని చెల్లెమ్మ చెప్పింది. ఆ రోజు నువ్వన్న మాటొకటి అప్పటినుంచీ నన్ను వదలడం లేదు. మీ స్కూల్లో ఎనిమిదో తరగతి కబడ్డీ కుర్రాడి గురించి, "వాడిలో సత్తా ఉందిరా, స్పోర్ట్స్ హాస్టల్‌కి పంపినా పంపకపోయినా పైకొస్తాడు" అన్నావు. నువ్వు పదిహేనేళ్ళుగా పీఈటీగా చేస్తున్నవాడివి, నీకు నేను చెప్పేదేముంది అని ఊరుకున్నాను. కానీ మనసొప్పలేదు. ఎందుకొప్పలేదో చెప్పాలంటే ఒక రగ్బీ ఆటగాడి కథ మొదట్నుంచీ చెప్పాలి. కాబట్టి ఈ ఉత్తరం పొడుగే. బళ్ళో లంచ్ అవర్‌లో కాకుండా ఇంటికెళ్ళాక తీరిగ్గా చదువు.

అతని పేరు సియా కొలీసి. దక్షిణాఫ్రికా జట్టు కెప్టెన్‌గా 2019లో, 2023లో వరుసగా రెండు ప్రపంచకప్పులు ఎత్తినవాడు. 2019 ఫైనల్ చూసినప్పటినుంచీ దొరికిన ఇంటర్వ్యూ వదలకుండా చూస్తున్నాను. కప్పు ఎత్తిన ఫోటోలు అందరూ చూసినవే. నన్ను పట్టుకున్నది దానికి ముందరి పదిహేనేళ్ళు.

1991 జూన్ 16న పుట్టాడు. అక్కడ పుట్టగానే మనిషిని తెల్ల, నల్ల అని జాతిని బట్టి రిజిస్టర్‌లో రాసే చట్టం ఒకటి ఉండేది. దాన్ని రద్దు చేసింది జూన్ 17న. ఒక్క రోజు తేడా! పుట్టింది పోర్ట్ ఎలిజబెత్ ఊరి అంచున ఉన్న జ్వీడే అనే నల్లవాళ్ళ బస్తీలో. (ఆ ఊరికి ఇప్పుడు గ్కెబెర్హా అని వాళ్ళ ఖోసా భాషలో పేరు పెట్టారు. మొదటి అక్షరం దగ్గర నాలుక అంగిలికి కొట్టి టక్కుమనిపించాలి. నాకింకా పట్టుబడలేదు, సాధన చేస్తున్నాను.) తల్లీ తండ్రీ ఇద్దరూ అప్పటికి చదువుకునే వయసు పిల్లలే. తండ్రి పని కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు. పిల్లాణ్ణి పెంచింది నాయనమ్మ.

ఆ ఇంట్లో వాడికి మంచం లేదు. ముందు గదిలో సోఫా దిండ్లు కింద పరుచుకుని పడుకునేవాడు. ఆడుకోవడానికి ఒక ఇటుక ఉండేది. దాన్ని మట్టిలో తోసుకుంటూ కారనుకునేవాడు. తినడానికేమీ లేని రాత్రి పంచదార నీళ్ళు తాగి పడుకోవడమే. కొన్ని రోజులు బళ్ళో పెట్టిందే ఆ రోజుకి తిండి. ఇది చదివినప్పుడు మీ కుర్రాడే కళ్ళ ముందు మెదిలాడు. గుడ్డు ఇచ్చే రోజు వాడు బడి మానడని నువ్వే కదా చెప్పావు?

ఆ ఆట మీద నీకున్న అపోహ ఒకటి ముందు తీసెయ్యాలి. రగ్బీ తెల్లవాళ్ళ ఆట, నల్లవాళ్ళకి 1995 ప్రపంచకప్పప్పుడు మండేలా పుణ్యమా అని అంటింది అనుకుంటావు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ తూర్పు కేప్ ప్రాంతంలో ఖోసా వాళ్ళు నూరేళ్ళ పైనుంచీ ఆడుతున్నారు. మిషన్ బళ్ళలో మొదలై ఊళ్ళ క్లబ్బుల్లోకి పాకింది. కొలీసి వాళ్ళ నాన్నా ఆడాడు. జ్వీడేలో డాన్ కెకె స్టేడియం అని ఉంది. సర్కారు జాతివారీగా ఆటలు నడుపుతున్న రోజుల్లో, అలా ఆడేది లేదని అక్కడి జనమే నిలబెట్టుకున్న మైదానం అది. ఆట వాళ్ళదే బావా. కాకపోతే దేశం జెర్సీ వాళ్ళకి దక్కలేదు. అందుకే వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి సొంత దేశం ఓడిపోవాలని ఎదుటి జట్టుకి చప్పట్లు కొట్టారు. ఎంత కడుపుమంట ఉంటే ఆ పని చేస్తారో ఆలోచించు.

కొలీసి చదివిన ఎంసెంగెని ప్రైమరీ స్కూల్లో ఎరిక్ సొంగ్విఖీ అని ఒక మాస్టారు ఉండేవాడు. నీలాంటివాడే, బడిలో పాఠం, సాయంత్రం గ్రౌండ్. ఆఫ్రికన్ బాంబర్స్ అనే బస్తీ క్లబ్బులో పిల్లలకి ఆట నేర్పేవాడు. బక్కగా ఉన్న ఈ పిల్లాణ్ణి పట్టింది ఆయనే. మొదటి సెలెక్షన్ ట్రయల్స్‌కి వెళ్తే వాడికి రగ్బీ నిక్కరు లేదు. లోపల వేసుకునే బాక్సర్ నిక్కరుతోనే మైదానంలోకి దిగి ఆడాడు. మిగతా పిల్లలందరూ బూట్లూ మేజోళ్ళతో నిలబడ్డ చోట, పన్నెండేళ్ళ పిల్లాడికి ఆ కాళ్ళు ఎలా కదిలాయో నాకర్థం కాదు.

ఆ వయసులోనే మోసెల్ బే అనే ఊళ్ళో పిల్లల టోర్నమెంటు జరిగితే, గ్రే స్కూల్ తరఫున వచ్చిన ఆండ్రూ హైడాకిస్ అనే కోచ్ కంట్లో పడ్డాడు. గ్రే అంటే 1856 నాటి మగపిల్లల బడి. గడియారం గోపురం, పచ్చటి మైదానాలు, డబ్బున్న ఇళ్ళ పిల్లలు. అక్కడ పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చారు. జ్వీడే నుంచి అది పది పదిహేను కిలోమీటర్ల దూరం, అంతే. అదే ఊరు!

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. అందరూ ఈ కథని "ప్రతిభని గుర్తించారు, స్కాలర్‌షిప్ వచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆ స్కాలర్‌షిప్‌లో ఏముందో చూడు. మూడు పూటలా తిండి ఉంది. మంచం ఉంది. బూట్లూ యూనిఫాం ఉన్నాయి. వాడికి ఇంగ్లీషు ముక్క రాదు, పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. పక్కన కూర్చున్న తెల్ల పిల్లాడొకడు వాడికి ఇంగ్లీషు నేర్పితే, వాడు ఆ పిల్లాడికి ఖోసా నేర్పాడు. ఆ స్నేహం కూడా స్కాలర్‌షిప్‌లో భాగమే అంటాను నేను. కొలీసి కూడా తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఇదే చెప్పాడు: ఆ బడికి వెళ్ళకపోయి ఉంటే సరైన తిండి ఉండేది కాదు, ఒళ్ళు పెరిగేది కాదు, మిగతా పిల్లలకి దొరికిన తయారీ తనకి దొరికేది కాదు అని. బాంబర్స్‌లో వాడితో పాటు పరిగెత్తిన పిల్లలు ఎంతమందో. వాళ్ళలో వాడంత ఆట ఉన్నవాళ్ళు లేకపోలేదు కదా? ఇది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

దాదాపు ఆ రోజుల్లోనే నాయనమ్మ పోయింది. వంటింట్లో కుప్పకూలుతుంటే పట్టుకున్నది వాడే, వాడి చేతుల్లోనే పోయింది. ఇరవై నిండకముందే తల్లీ పోయింది. తల్లికి పుట్టిన తమ్ముడూ చెల్లెలూ అనాథాశ్రమాల్లోనూ ఎవరెవరి ఇళ్ళలోనో పెరిగారు. కొలీసి జట్టులో కుదురుకున్నాక వాళ్ళని వెతికి పట్టుకుని, 2014లో చట్టప్రకారం దత్తత తీసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు.

ఇక ఆట సంగతి. స్కూలు జట్టు నుంచి క్రేవెన్ వీక్‌కి ఆడాడు. దేశంలో స్కూలు పిల్లలకి అదే పెద్ద వేదిక. అక్కణ్ణుంచి కేప్‌టౌన్‌లో వెస్టర్న్ ప్రావిన్స్ జట్టు, 2012లో స్టార్మర్స్ అనే జట్టు. 2013 జూన్ 15న నెల్‌స్ప్రూట్‌లో స్కాట్లాండ్ మీద మొదటి టెస్టు (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌ని టెస్టు అంటారు). బెంచి మీద కూర్చుంటే, ఐదు నిమిషాలకే మైదానంలో ఆడుతున్నవాడొకడికి మోకాలు దెబ్బ తగిలి అతని బదులు ఇతన్ని దింపారు. ఆ రోజు మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఇతనే. మర్నాడు ఇరవై రెండో పుట్టినరోజు.

ఇతని స్థానం ఫ్లాంకర్. నీకు కబడ్డీతో చెప్తే తేలిక. రైడర్ చీలమండ దొరగ్గానే మిగతావాళ్ళు వచ్చి మీద పడతారు చూడు, రగ్బీలో ప్రతి టాకిల్ అలాంటిదే. అయితే పడ్డవాడు బంతి వదిలెయ్యాలి. అప్పుడు ఎదుటి జట్టువాడు ఒకడు ముందుగా చేరుకుని, తన కాళ్ళ మీద తను నిలబడి, నడుం వంచి బంతి మీద చేతులు వెయ్యాలి. పడ్డవాడి మీద ఒరగకూడదు, చేతులు నేలకి ఆనించకూడదు. అలా వంగి ఉన్నవాణ్ణి వంద కిలోల మనుషులు పరిగెత్తుకొచ్చి భుజాలతో గుద్దుతారు. రెండు సెకన్లు ఆ గుద్దులకి ఓర్చుకుంటే బంతి తనది, లేదా పెనాల్టీ. ఎనభై నిమిషాలూ ఆ పని చేస్తూనే ఉంటాడు. గోల్ కొట్టినవాడి పేరులా పేపర్లో రాదు ఈ పని. నువ్వు మీ పిల్లలకి కార్నర్ డిఫెండర్ విలువ గురించి చెప్తుంటావే, అదే ఇది.

2018 మేలో కెప్టెన్‌ని చేశారు. దక్షిణాఫ్రికా మొదటి టెస్టు ఆడింది 1891లో. అప్పటినుంచీ టెస్టు జట్టుకి నల్లజాతి కెప్టెన్ ఇతనే మొదటివాడు. కెప్టెన్‌గా తొలి మ్యాచ్ జూన్ 9న, జోహానెస్‌బర్గ్ ఎలిస్ పార్క్‌లో ఇంగ్లాండ్ మీద. ఇరవై నిమిషాలు తిరక్కుండానే 24–3తో వెనకబడ్డారు. ఆ స్కోరు చూస్తుంటే, ఇప్పుడు జనం ఏమంటారోనని ఇక్కడ కూర్చున్న నాకే టెన్షన్. హాఫ్‌టైమ్‌కి 29–27తో ముందుకొచ్చారు, చివరికి 42–39తో గెలిచారు.

2007లో వాళ్ళ దేశం కప్పు గెలిచినప్పుడు కొలీసికి పదహారేళ్ళు. ఇంట్లో టీవీ లేక బస్తీలో సారా దుకాణానికెళ్ళి ఫైనల్ చూశాడు. పన్నెండేళ్ళ తర్వాత, 2019 నవంబర్ 2న యొకొహామాలో ఇంగ్లాండ్‌ని 32–12తో ఓడించి అదే కప్పు అందుకున్నాడు. వీపు మీద ఆరో నంబరు. 1995 ప్రపంచకప్పు ఫైనల్‌కి మండేలా వేసుకొచ్చిన జెర్సీ మీదా అదే నంబరు. వాళ్ళ నాన్న ఆ రోజు స్టేడియంలో ఉన్నాడు. కొడుకు పిల్లాడిగా ఉన్నప్పుడు పని కోసం ఊళ్ళు తిరిగిన ఆ మనిషి జపాన్ దాకా వచ్చి కూర్చుని చూశాడు.

2023 గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. ఏప్రిల్‌లో మోకాలు లిగమెంటు దెబ్బతింటే ప్రపంచకప్పు పోయినట్టే అనుకున్నారు. ఆగస్టుకల్లా తిరిగొచ్చాడు. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ మూడూ ఒక్కొక్క పాయింటు తేడాతోనే గెలిచారు: 29–28, 16–15, 12–11. ఫైనల్లో ఇతనికే ఎల్లో కార్డు పడి పది నిమిషాలు బయట కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. ఆ పది నిమిషాల ముఖం చూడు, యూట్యూబ్‌లో ఉంటుంది.

ఇప్పుడు మన కుర్రాడి దగ్గరికొస్తా. జిల్లా సెలెక్షన్స్‌లో మ్యాట్ మీద వట్టికాళ్ళతో ఆడి రెండుసార్లు జారాడన్నావు. అయినా తీసుకున్నారంటే వాడిలో సత్తా ఉందని వేరే చెప్పాలా? వాళ్ళమ్మ ఎందుకు వెనకాడుతోందో నాకర్థమైంది. మిరప కోతలకి వెళ్తే చంటిపిల్లని చూసుకునేది వాడే. అది నిజమైన కష్టం, దాన్ని మనం కొట్టిపారెయ్యకూడదు. కోతల రోజుల్లో పిల్లని ఉంచుకోవడానికి ఎవరైనా ఒప్పుకుంటారేమో చెల్లెమ్మని అడగమను. ఖర్చు సంగతి నాకొదిలెయ్. నువ్వు మాత్రం వాడు ఎక్కడున్నా పైకొస్తాడని ఆవిడతో అనొద్దు. ఆ మాట విని నిశ్చింతగా ఇంట్లోనే ఉంచేస్తుంది.

హాస్టల్లో తిండి ఎలా ఉందో, రాత్రిపూట పిల్లల దగ్గర ఎవరుంటారో ఒకసారి వెళ్ళి చూసిరా. మొదటి నెల వారానికోసారైనా వాడు అమ్మతో ఫోన్లో మాట్లాడగలగాలి, అది గట్టిగా అడుగు.

నేను పండక్కి వస్తున్నా. వాళ్ళింటికి ఇద్దరం కలిసే వెళ్దాం. ఈలోపు వాణ్ణి కాగితం మీద పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపు. షూస్ ఒక సైజు పెద్దవే తెస్తాను, మూడు పూటలా తింటే ఏడాదిలో ఎదుగుతాడు కదా.

ఉంటాను రా,
నీ బావ