పైన్‌ఫోన్‌లో మొబైల్ డేటా రాకపోతే

అందరికీ నమస్కారం. లినక్స్‌తో నడిచే ఈ ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రావట్లేదని చాలామంది అడుగుతున్నారు. దయచేసి ఓఎస్ మళ్లీ ఎక్కించే పని మాత్రం అప్పుడే పెట్టుకోకండి. కాల్స్ వెళ్తున్నాయంటే సిమ్, మోడెమ్ (టవర్‌తో మాట్లాడే భాగం) బాగానే ఉన్నట్టు. నా అనుమానం ముందు ఏపీఎన్ మీదే, అంటే ఆపరేటర్ డేటా నెట్‌వర్క్‌లోకి వెళ్లడానికి ఫోన్‌లో పెట్టే పేరు. మీ ఆపరేటర్ ఇచ్చిన పేరు అక్షరం పొల్లుపోకుండా ఉందా, చివర్లో ఖాళీ ఏమైనా పడిందా చూడండి.

తర్వాత టెర్మినల్‌లో మోడెమ్‌మేనేజర్ (మోడెమ్‌ను నడిపించే ప్రోగ్రామ్) స్టేటస్ తీయండి. ‘రిజిస్టర్డ్’ దగ్గరే ఆగిపోతే టవర్ దొరికింది కానీ డేటా సెషన్ మొదలవలేదని అర్థం. అప్పుడు ఏపీఎన్‌తో పాటు రోమింగ్ సెట్టింగ్ కూడా చూడాలి. ‘కనెక్టెడ్’ అని ఉన్నా పేజీలు తెరుచుకోకపోతే ఏదైనా ఐపీ అడ్రస్‌కు పింగ్ కొట్టండి (అవతలి నుంచి జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్ అది). దానికి జవాబు వచ్చి, సైట్ పేరుతో కొడితే రాకపోతే తేడా డీఎన్‌ఎస్‌లో, అంటే సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే దగ్గర ఉంది.

అసలు మోడెమే కనిపించట్లేదా? ఫోన్ ఆపి, వెనక మూత తీసి, చిన్న స్విచ్‌లలో 1వది ఆన్‌లో ఉందో లేదో చూడండి. మోడెమ్‌ను ఆన్, ఆఫ్ చేసేది అదే. ఫోన్ నిద్రలోంచి లేచాక డేటా పోతే కాసేపు ఆగండి. ఈ మోడెమ్‌లో విడిగా ఇంకో లినక్స్ నడుస్తుంది, మోడెమ్ రీసెట్ అయితే అది మళ్లీ బూట్ కావడానికి టైమ్ పడుతుంది. అప్పటికీ రాకపోతే మోడెమ్‌మేనేజర్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేయండి.

ఇంకా కుదరకపోతే డిస్ట్రో (మీరు వాడే లినక్స్ రకం) పేరు, మోడెమ్ ఫర్మ్‌వేర్ (మోడెమ్ లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, మోడెమ్‌మేనేజర్ స్టేటస్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం. ఆ స్టేటస్‌లో ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్), ఫోన్ నంబర్ కూడా ఉండొచ్చు, పెట్టేముందు తప్పకుండా తీసేయండి.