బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటేనా?

కడప జిల్లాలో బైపీసీ చదివే పిల్లలకు నర్సింగ్ గురించి సరిగ్గా చెప్పే నాథుడే లేడు. జంతుశాస్త్రం బోధించినవాడిగా నేను చూసిందేమంటే, నీట్‌లో సీటు రాకపోతే లాంగ్ టర్మ్ కోచింగ్ అంటూ ఒక ఏడాది, మళ్లీ ఇంకో ఏడాది కూర్చోబెడతారు. ఇంట్లో బంగారం తాకట్టుకు వెళ్తుంది, పిల్లలకు టెన్షన్ మిగులుతుంది. చివరికి ‘ఏదో ఒకటి’ అనుకుని, కాలేజీకి గుర్తింపు ఉందో లేదో కూడా చూడకుండా నర్సింగ్‌లో చేరుస్తారు. డాక్టర్ పని, నర్సు పని రెండూ వేర్వేరు. డాక్టర్ రౌండ్స్‌కొచ్చి మందులు రాసి వెళ్లాక, రాత్రంతా సెలైన్ చూసుకునేది, రోగి ఊపిరిలో తేడా ముందు పసిగట్టేది సిస్టరే. రక్తం, వాంతులు, బంధువుల కేకలు తట్టుకోలేని పిల్లకు నర్సింగూ నప్పదు. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఆపైన పీజీ పోటీ. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లే. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ ప్రారంభ మూల వేతనం రూ.44,900. (ప్రైవేటు ఆసుపత్రుల జీతాల గురించి వేరే ఉత్తరమే రాయాలి.) ఇంటర్ బోర్డు, జిల్లా వైద్యాధికారులు కలిసి మొదటి సంవత్సరంలోనే ఈ పిల్లల్ని ఒక పూట ప్రభుత్వాసుపత్రి వార్డుకు తీసుకెళ్లి, స్టాఫ్ నర్సుతోనూ హౌస్ సర్జన్‌తోనూ మాట్లాడించాలి. గుర్తింపు ఉన్న నర్సింగ్ కాలేజీల జాబితాను ఇంటర్ ఫలితాలు రాకముందే ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డులో పెట్టాలి.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, కడప