నా నడుమును నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

మంగళగిరిలో గుంటమగ్గం మీద బతుకుతున్న నేను, నడుము నొప్పితో మగ్గం దగ్గర గంటసేపు కూడా కూర్చోలేని స్థితి నుంచి తిరిగి రోజంతా నేసుకోగలిగే స్థితికి రావడానికి కారణమైన వారందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

అందరికంటే ముందు మా ఫిజియోథెరపిస్టు మేడమ్ గారికి. పేరు రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు. నొప్పి ఎక్కడని అడిగి, పరీక్ష చేసి పంపేయకుండా, ఆమె మా ఇంటికే వచ్చి, గుంటలో కాళ్లు పెట్టుకుని నేను నేస్తుంటే పక్క నుంచి చాలాసేపు గమనించారు. నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే సాధనం) ఆడిన ప్రతిసారీ నడుము గుండ్రంగా వంగుతోందని, అలా గంటల తరబడి వంగి ఉంటే నడుములోని 5 వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద, వెనుక కండరాల మీద భారం ఎడతెగకుండా పడుతుందని నాకు అర్థమయ్యేలా చెప్పారు. మందు బిళ్లల కంటే ముందు నేను కూర్చునే పలకను మార్చమన్నారు.

ఆ పలకను కాస్త ఎత్తు చేసి, ముందుకు కొద్దిగా వాలు ఉండేలా చెక్కి ఇచ్చిన మా వీధి వడ్రంగి బాబాయికి ఎంతో రుణపడి ఉన్నాను. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఇప్పుడు తుంటి మోకాళ్ల కంటే పైన ఉంటుంది కాబట్టి, బలవంతంగా బిగబట్టకుండానే నడుము నిటారుగా నిలుస్తోంది.

మేడమ్ గారు నేర్పిన వ్యాయామాలలో నాకు ఎక్కువ మేలు చేసింది, కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముకపై పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడింటిలో ఒకటి. చాప మీద చేతులు, మోకాళ్లు ఆనించి, కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనక్కి చాచి, పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఉంచి, తర్వాత రెండో వైపు చేయాలి. మొదట్లో నడుము ఊగిపోయేది. అప్పుడు ఆమె నా నడుము మీద నీళ్ల గ్లాసు పెట్టి, నీళ్లు ఒలకకుండా కాలు చాచమన్నారు. కాలు ఎంత పైకి లేచిందన్నది కాదు, నడుము కదలకుండా ఉందా అన్నదే ముఖ్యమని అప్పుడు తెలిసింది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, ఒక మోకాలి మీద నిలిచి తొడ ముందు భాగాన్ని సాగదీయడం కూడా చేస్తున్నాను. రోజూ నా పక్కన కూర్చుని అంకెలు లెక్కపెట్టే మా అమ్మాయికి ఆశీస్సులు.

రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి కాబట్టి నిద్ర లేచిన మొదటి గంటలో వంగి బరువులెత్తవద్దన్నారు. ఆ మాట విన్ననాటి నుంచి పొద్దున్నే బిందెలు మోసే పనిని మా ఇంటావిడ నా చేత చేయించడం లేదు. ఆమెకు కృతజ్ఞత చెప్పడం నాకు అలవాటు లేదు, అయినా ఇక్కడ చెబుతున్నాను. పక్కకు తిరిగి చేతి ఆసరాతో మంచం దిగడం, మోకాళ్ల కింద దిండు పెట్టుకోవడం, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం ఇప్పుడు అలవాటయ్యాయి.

మా వీధిలో మిగతా మగ్గాలను కూడా చూడటానికి మేడమ్ గారు ఒప్పుకున్నారు. నడుము నొప్పి ఉన్న నేతన్నలు, అక్కలు నాకు చెబితే మేడమ్ గారిని వారి ఇంటికి తీసుకువస్తాను. అయితే కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద అదుపు తప్పినా ఆమె వచ్చే వరకు ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లమని అందరికీ చెప్పమన్నారు.