పేర్లు రాయని కృతజ్ఞతలు: ప్రొబేషన్ ముగిశాక రికార్డు తీసేయించినవారికి

ప్రొబేషన్ (జైలు బదులు షరతులతో, ఆఫీసరు పర్యవేక్షణలో గడిపే కాలం) పూర్తి చేసిన ఒక అబ్బాయి జువెనైల్ రికార్డును, అంటే మైనరుగా ఉన్నప్పటి కేసు కాగితాలను, ఆఖరిదాకా ధ్వంసం చేయించిన వారందరికీ చేతులెత్తి నమస్కారం. మీ పేర్లు, ఊరు, కేసు విచారించిన జువెనైల్ జస్టిస్ బోర్డు ఏ జిల్లాదో ఇక్కడ రాయడం లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్లవాణ్ణి గుర్తుపట్టే వీలున్న ఏ వివరమూ బయటపెట్టకూడదు. వకీలు పేరూ ఊరూ కలిపి చదివితే ఎవరింటి సంగతో ఇట్టే తెలిసిపోతుంది. బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున ఉచితంగా వాదించిన వకీలు గారికి. ప్రొబేషన్ గడువు అయిపోతే ఫైలు దానంతటదే పోతుందని చాలామంది అనుకుంటారు. అలా పోదు. అదే చట్టం 24వ సెక్షన్ రెండు వేర్వేరు మాటలు చెబుతుంది. మొదటిది, ఆ తీర్పు వల్ల పిల్లవాడికి ఏ అనర్హతా అంటదు. రెండోది, రికార్డులు ధ్వంసం చేయమని బోర్డు ఉత్తర్వు ఇవ్వాలి. ఈ రెండోది అడిగేవాళ్లు లేక ఫైలు బీరువాల్లోనే ఉండిపోతుంది. పదహారు నిండాక ఘోరమైన నేరంలో పెద్దవాళ్లలా విచారణ జరిగి, చిల్డ్రన్స్ కోర్టు తప్పు తేల్చిన కేసులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఆ రికార్డు కోర్టు దగ్గరే ఉంటుంది.

తొందరపడి పిటిషను వేయనివ్వకపోవడం ఆయన చేసిన పెద్ద మేలు. బోర్డు ఉత్తర్వుపై అప్పీలుకు 30 రోజుల గడువుంది. అది దాటకముందే వేస్తే వెనక్కి వస్తుంది. ఈ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లో 14వది రికార్డును అప్పీలు గడువు దాకా లేదా ఏడేళ్లు, అంతకు మించకుండా ఉంచమంటుంది. ఆ ‘లేదా’ను ఒక్కో బోర్డు ఒక్కోలా చదువుతుంది. అందుకే ఆయన తుది ఉత్తర్వు నకలు, ప్రొబేషన్ ముగింపు నివేదిక, అప్పీలు పడలేదన్న మెమో మూడూ జతచేసి, ఏడేళ్లు ఆగాల్సిన పని ఎందుకు లేదో పిటిషనులోనే రాశారు.

ప్రొబేషన్ ఆఫీసరు గారికి ప్రత్యేకంగా. ‘గడువు ముగిసినది’ అని ఒక్క ముక్క రాసి పంపితే బోర్డు మళ్లీ వివరణ అడుగుతుంది, వాయిదా మీద వాయిదా పడుతుంది. ఈ మేడమ్ హాజరైన తేదీలు, కౌన్సెలింగ్ ఎన్నిసార్లు, చదువు ఎక్కడిదాకా వచ్చింది, షరతుల్లో ఏదీ తప్పలేదన్న మాట, అన్నీ వరసగా రాశారు. తాను తయారుచేసిన ఫారం 6 సామాజిక విచారణ నివేదిక నకలు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో కూడా ఉందని గుర్తుచేసిందీ ఆవిడే. అది ఉత్తర్వులోకి ఎక్కకపోతే అక్కడే మిగిలిపోయేది.

ఇక బెంచి క్లర్కు గారు. వయసు రుజువుకు ఇచ్చిన పదో తరగతి ఒరిజినల్ మెమో ఆ ఫైల్లోనే కుట్టి ఉంది. ఫైలుతో పాటు అదీ కాలిపోతే కొత్తది తెచ్చుకోవడానికి పరీక్షల బోర్డు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ధ్వంసానికి ముందే ఒరిజినల్స్ వాపసు కోరుతూ విడిగా అర్జీ పెట్టమని చెప్పి, దారం కత్తిరించి, చిల్లులు పడ్డ అంచు చిరక్కుండా తీసి చేతికిచ్చారు. తుది ఉత్తర్వు, ధ్వంసం ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండేసి ముందే తీసుకోమన్నదీ ఆయనే. ఫైలు పోయాక నకలు ఎవరూ ఇవ్వలేరు. ఆ కాపీలు ఇంట్లో భద్రంగా ఉండాలి.

పోలీసుల వైపు పనే అన్నిటికన్నా ఎక్కువ. ఉత్తర్వులో ‘పోలీసు వారు’ అని మాత్రమే ఉంటే ఎవరూ తమది అనుకోరు. స్టేషన్ హౌస్ ఆఫీసరు, జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరో, సీసీటీఎన్ఎస్ అనే పోలీసు స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థలోని నమోదు, ఇలా విడివిడిగా రాయించాలి. ప్రతి చోటా ఇన్‌వార్డు నంబరు వేయించుకోవాలి. స్టేషన్ రైటర్ గారు జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ పుస్తకం) నమోదును, ఫారం 1 సామాజిక నేపథ్య నివేదికను తానే వెతికి, పని పూర్తయిందని రాతపూర్వకంగా బోర్డుకు పంపారు. ఆ జవాబు లేకుండా పని అయిందనుకోవద్దు.

అదే ఘటనలో పెద్దవాళ్ల మీదా కేసుంటే, వాళ్ల ఛార్జిషీటులో అబ్బాయి పేరు అలాగే ఉంటుంది. బోర్డు ఉత్తర్వు ఆ కోర్టు ఫైలును తాకదు. పేరు కనపడకుండా చేయమని అక్కడ వేరే అర్జీ పెట్టుకోవాలి. వకీలు గారు దాన్నీ మరవలేదు.

ఉద్యోగాల విషయంలో సలహా ఇచ్చిన సీనియర్ వకీలు గారికి కూడా ధన్యవాదాలు. క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం అడిగినా పోలీసులు పిల్లల కేసు వివరాలు చెప్పకూడదు. 2021 సవరణతో ఇది పెండింగు కేసులకూ వర్తిస్తుంది. మైనరుగా ఉన్నప్పటి కేసు ఉద్యోగానికి మచ్చ కాకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఉద్యోగానికి నింపే అటెస్టేషన్ ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న గడి ముందు ఒంటరిగా నిర్ణయం తీసుకోవద్దు, ప్రశ్నలోని మాటలు వకీలుకు చదివి వినిపించాకే నింపండి అన్నారు. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లు 15100కు ఫోన్ చేస్తే న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతారు.

చివరగా, రికార్డు రూములో రెండు పూటలు దుమ్ములో కూర్చుని పాత కట్టలు విప్పిన అటెండరు గారికి. కేసు నంబరు ఒక అంకె తప్పుగా రాసి ఉన్నా తండ్రి పేరును బట్టి ఫైలు పట్టుకున్నారు. టీ కూడా తాగకుండా వెళ్లారు.