కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఆదివారం పూట పనులు పక్కనబెట్టి వచ్చిన కాలనీవాసులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం 11 సార్లు సమావేశమైంది. జెండా పండుగలు, వినాయక చవితి, ఉగాది ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీరంతా చూశారు కాబట్టి ఆ వివరాల జోలికి వెళ్లడం లేదు. పార్కు గేటు బాగు చేయించాం. రెండో క్రాస్‌లో వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఇక మిగతా నివేదికంతా డ్రైనేజీ గురించే. ఏడాది పొడవునా మనల్ని పరుగులు పెట్టించింది అదే.

జూలైలో వచ్చిన పెద్ద వానకు నాలుగో క్రాస్ మలుపులో మ్యాన్‌హోల్ పొంగి మురుగు పక్కింటి వరండా దాకా వచ్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ ఇంట్లో అప్పుడే బాలింత పుట్టింటికి వచ్చి ఉంది. ఫిర్యాదు చేసిన మూడో రోజు కాంట్రాక్టరు తరఫున ఒక మేస్త్రీ, వెదురు బద్దలు, తాడు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చారు. మూత తీశారు. కుర్రాడు చొక్కా విప్పి తాడు నడుముకు కట్టుకుంటున్నాడు. అప్పుడు నాలుగో క్రాస్ ఆడవాళ్లు ముగ్గురు మ్యాన్‌హోల్‌కు అడ్డంగా నిలబడి, "నువ్వు దిగొద్దు బాబూ, మేము ఇంకో పది రోజులు కంపు భరిస్తాం" అన్నారు. ఈ ఏడాది సంఘం పేరు నిలబెట్టింది ఆ మాటేనని నా నమ్మకం.

మనుషుల చేత మురుగు గొట్టాలు, సెప్టిక్ ట్యాంకులు ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలా మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఇంత ఉన్నా ఆ మేస్త్రీకి ఈ సంగతి తెలియదు, లేదా తెలిసినా లెక్కచేయలేదు. మ్యాన్‌హోల్‌లో నిలవ మురుగు నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గ్యాసు ఎక్కువయ్యేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. దిగినవాడు వాసన పోయింది కదా అనుకునేలోపే పడిపోతాడు. అతన్ని కాపాడబోయి దిగిన రెండోవాడూ పోతాడు. మనందరం ఇలాంటి వార్తలు పేపర్లో చదివి పేజీ తిప్పేసినవాళ్లమే.

ఆ తరవాత జెట్టింగ్ మిషన్, అంటే మనిషి దిగకుండా నీళ్లు జోరుగా చిమ్మి గొట్టం శుభ్రం చేసే బండి, రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఎదురు వీధి వాళ్లు తమ బాత్రూములు వాడుకోనిచ్చారు. వాళ్లకు సంఘం తరఫున రెండు చేతులా నమస్కారం. మిషన్ గొట్టంలోంచి బయటకు లాగినవి నేను దగ్గరుండి చూశాను: ఇసుక, డైపర్లు, కొబ్బరి పీచు, ఒక పాత చీర ముక్క, సబ్బుబిళ్లల్లా గడ్డకట్టిన వంటనూనె. ఇవేవీ మున్సిపాలిటీ వాళ్లు వేసినవి కావు. పైగా మన వీధుల్లో 19 ఇళ్ల డాబాల మీది వాననీటి పైపులు నేరుగా డ్రైనేజీ ఛాంబర్లో కలిపి ఉన్నాయి. ఇంటి మురుగు కోసం వేసిన సన్నని గొట్టంలోకి వాన మొత్తం వదిలితే పొంగక ఏం చేస్తుంది? తొమ్మిది ఇళ్లవాళ్లు విడగొట్టించారు. మిగతా పది ఇళ్లవాళ్లు ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారు. పేర్లు చదవను.

ఇప్పుడు నవంబరు 24 ఆదివారం సంగతి. మన మురుగు ఎక్కడికి వెళ్తోందో కళ్లతో చూడాలని దాని వెంట నడవడం ఆ రోజు జరిగింది. వాట్సాప్ గ్రూపులో 41 మంది వస్తామని చేయెత్తిన బొమ్మలు పెట్టారు. ఉదయం ఆరున్నరకు పార్కు దగ్గరికి వచ్చింది 17 మంది. చివరిదాకా నడిచింది 9 మంది. వాళ్లలో ఇద్దరు 70 దాటిన పెద్దలు, ముగ్గురు హైస్కూలు పిల్లలు. వయసులో ఉన్న మన కుర్రాళ్లు ఎందుకు రాలేదో వాళ్లే చెప్పాలి.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు సెలవు రోజైనా ఇద్దరు సిబ్బందిని పంపారు. మూతలు వాళ్లే కొక్కేలతో లేపారు, మేము దూరంగా నిలబడి చూశాం. పిల్లల సైన్సు టీచరమ్మ ఒక ఉపాయం చెప్పారు. బకెట్ నీళ్లలో నీలిమందు చిక్కగా కలిపి నాలుగో క్రాస్ ఛాంబర్లో పోయించాం. పిల్లలు మెయిన్ రోడ్డు మ్యాన్‌హోల్ దగ్గర, టీచరమ్మ కల్వర్టు కింద కాపు కాశారు. పావుగంట గడిచింది. పిల్లల దగ్గర నీళ్లు ఎప్పటిలా బూడిదరంగులోనే ఉన్నాయి. ఇంతలో టీచరమ్మ ఫోను: "సార్, ఇక్కడ నీలంగా వస్తోందండీ."

కల్వర్టు కింద ఉన్నది వాన కాలువ. అది చెరువులోకి పోతుంది. అంటే రోడ్డు వెడల్పు చేసినప్పుడు గొట్టం తెగిన చోట ఎవరూ మళ్లీ కలపలేదు. నాలుగు, ఐదు క్రాస్‌ల మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్తోందని ఆరేళ్లుగా మనం అనుకుంటున్నాం, అది కాస్తా చెరువులో పడుతోంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అని ఇంజనీర్లు లెక్క వేస్తారు. ఇంటికి నలుగురు చొప్పున చూసినా ఆ రెండు వీధుల 38 ఇళ్ల నుంచి రోజుకు 16 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు నిండుతాయి. ఆ చెరువు గట్టునే మన అమ్మవారి జాతర చేస్తాం.

అక్కడి నుంచి పంపింగ్ స్టేషన్ మీదుగా శుద్ధి కేంద్రానికి వెళ్లాం. అక్కడి ఆపరేటరు ఎంతో ఓపికగా చూపించాడు. మొదట ఇనుప చువ్వల జల్లెడలో కవర్లు, గుడ్డలు ఆగిపోతాయి. తరవాత ఇసుక కిందికి దిగుతుంది. ఆపైన పెద్ద తొట్టి. అందులోకి అడుగు నుంచి గాలి కొడితే సూక్ష్మజీవులు మురుగును తిని బతుకుతాయి. కాసేపటికి గాలి ఆపేస్తారు. బురద కిందికి దిగాక పైన తేరుకున్న నీళ్లను తీస్తారు. నింపడం, గాలి కొట్టడం, తేర్చడం, తీయడం అన్నీ ఒకే తొట్టిలో వంతులవారీగా జరుగుతాయి. చివర క్లోరిన్ కలిపి వదులుతారు. ఆయన రెండు సీసాలు తెచ్చి పక్కపక్కన పెట్టాడు. ఒకదానిలో లోపలికొచ్చే మురుగు, బియ్యం కడుగులో మసి కలిపినట్టుంది. రెండోదాని వెనక తన వేలు పెడితే వేలి గీతలు కనిపించాయి. నీళ్లలో మురికి ఎంతుందో బీఓడీ అనే కొలతతో చెబుతారు. మామూలు ఇళ్ల మురుగులో అది లీటరుకు 200, 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మహానగరాలు కాని ఊళ్లలో శుద్ధి చేసిన నీళ్లకు 30 దాటకూడదని కేంద్రం 2017లో నోటిఫికేషన్ ఇచ్చింది.

ఆపరేటరు చెప్పిన ఇంకో మాట మమ్మల్ని నిలబెట్టేసింది. "మీ ఊరి మురుగు మాకు సగం కూడా రావట్లేదు సార్. తిండి చాలక మా బ్యాక్టీరియా చచ్చిపోతోంది." కోట్లు పోసి ప్లాంటు కట్టారు, రోడ్లు తవ్వి మెయిన్ లైను వేశారు. ఇంటి గుమ్మం నుంచి ఆ లైను దాకా నాలుగు మీటర్ల గొట్టం మాత్రం ఊళ్లో చాలామంది వేయించుకోలేదు.

తెగిన గొట్టం కోసం సోమవారం గ్రీవెన్స్‌లో మూడు అర్జీలు ఇచ్చాం. మొదటి అర్జీ తీసుకున్న అధికారి బదిలీ అయ్యారు. రెండోది ఏ సెక్షన్‌దో తేలలేదు. మూడోదానికి పిల్లలు తీసిన నీలం నీళ్ల ఫొటో అంటించాం. మార్చిలో 18 మీటర్ల పైపు వేసి కలిపారు. నాలుగు రోజుల పనికి నాలుగు నెలలు తిరిగాం. కలిపిన రోజు మళ్లీ నీలిమందు పోయించాం. ఈసారి పిల్లలే కేకలు పెట్టారు.

కొత్త లేఅవుట్‌లో 52 ఇళ్లకు ఇంకా లైను లేదు, సెప్టిక్ ట్యాంకులే. రెండు మూడేళ్లకోసారి బురద తీయించకపోతే ట్యాంకు ఉన్నా లేనట్టే, మలమంతా అలాగే బయటికి పోతుంది. పదేళ్లుగా మూత తీయని ఇళ్లు ఉన్నాయి. తీయించినవాళ్ల ట్యాంకరు కూడా చీకటి పడ్డాక చెరువు వెనకకే వెళ్లడం మన వాళ్లు చూశారు. వరంగల్ నగరం ఈ ట్యాంకర్ల మీద 2016లోనే నిబంధనలు తెచ్చింది. కర్ణాటకలోని దేవనహళ్లి చిన్న ఊరే, 2015 నుంచి రోజుకు 6 వేల లీటర్ల సెప్టిక్ బురదను శుద్ధి చేసే కేంద్రం నడుపుతోంది. అక్కడ ఎండిన బురదను చెత్తతో కలిపి కంపోస్టు చేస్తారు. మనకు కొత్త కేంద్రం కూడా అక్కర్లేదు, ట్యాంకర్లను పగలే మన ప్లాంటులో ఖాళీ చేయించి రసీదు ఇస్తే చాలు. ఈ అర్జీ మీద ఇంకా జవాబు రాలేదు.

లెక్కలు: నిరుటి నిల్వ 38,640, చందాలు 72,600, విరాళాలు 11,000, ఖర్చు 81,350, చేతిలో ఉన్నది 40,890 రూపాయలు. ఆడిట్ చేసిన పత్రం కోశాధికారి గారి దగ్గర ఉంది. 43 ఇళ్ల చందా రావాలి.

దారి చూపిన అధ్యక్షుల వారికి, అర్జీలన్నీ తన చేత్తో రాసిచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టారు గారికి, టీచరమ్మకు, నడకలో టిఫిన్లు పెట్టిన కిరాణా కొట్టు అన్నయ్యకు, జెట్టింగ్ మిషన్ సిబ్బందికి, వార్డు సచివాలయం వారికి, ప్లాంటు ఆపరేటరుకు, నీలిమందు పిల్లలు ముగ్గురికి, నాలుగో క్రాస్ తల్లులకు మనసారా కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించండి.

సభ ముందు ఒకే తీర్మానం పెడుతున్నాను. మెయిన్ లైను ఉండి కూడా కలుపుకోని 14 ఇళ్లవాళ్లు రెండు నెలల్లో కనెక్షన్ తీసుకోవాలి. ఖర్చు భరించలేని కుటుంబాలకు సంఘం నిధి నుంచి సగం ఇద్దాం. దరఖాస్తు ఫారాలు తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి