దుమ్ము ఊదకుండా చదివితే ఇంతే

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అమెరికాలో అక్టోబర్ చివర చేసుకునే దయ్యాల పండగ హాలోవీన్ మీద వ్యాసం వచ్చి పది రోజులైంది. ఎవరో ఒకరు రాస్తారులే అని ఆగాను. ఈ వారం లేఖల శీర్షికలో దాని ఊసే లేదు. ఇక రాయక తప్పడం లేదు.

మీ పాఠకులు చదివే ఉంటారు కాబట్టి వ్యాసమంతా మళ్ళీ చెప్పను. 'ద సింప్సన్స్' అనే అమెరికన్ కార్టూన్ సీరియల్‌లో ఏటా హాలోవీన్‌కి వచ్చే 'ట్రీహౌస్ ఆఫ్ హారర్' అనే ప్రత్యేక భాగం పసిపిల్లల బుర్రలు పాడుచేస్తోందనీ, డిస్నీ వాళ్ళు పిల్లల బొమ్మల్లోకి దయ్యాల్నీ నెత్తుటినీ చొప్పిస్తున్నారనీ, అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులు కళ్ళు మూసుకుని కూర్చున్నారనీ మీ రచయిత తేల్చేశారు. ఆ తల్లిదండ్రుల్లో నేనూ ఒకదాన్ని. ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్‌లో 1989 నుంచీ ఉంటున్నాను. కళ్ళు మూసుకోలేదు. మొదటి భాగం వచ్చిన రాత్రి నుంచీ చూస్తూనే ఉన్నాను.

అది 1990 అక్టోబర్ 25, గురువారం. పెళ్ళై ఇక్కడికి వచ్చి ఏడాది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, ఆ చదువు ఇక్కడ దేనికి పనికొస్తుందో తెలియక ఇంట్లో కూర్చున్న రోజులు. ఆ ఏడాదే ఈ సీరియల్‌ని ఆదివారం నుంచి గురువారానికి మార్చి, ఇంటింటా చూసే కాస్బీ షోకి పోటీగా పెట్టారు. కథ మొదలవకముందే సీరియల్‌లోని సింప్సన్ కుటుంబంలో తల్లి మార్జ్ తెర ముందుకు వచ్చి నిలబడింది. ఇవాళ్టిది భయపెట్టే కార్యక్రమం, మీ పిల్లలు బెదిరే రకమైతే రేపు మాకు కోపంగా ఉత్తరాలు రాసే బదులు ఈ రాత్రి వాళ్ళని త్వరగా పడుకోబెట్టండి అని చెప్పి వెళ్ళింది. తల్లిదండ్రులకు చెప్పాల్సిన మాట మొట్టమొదటి నిమిషంలోనే చెప్పారు. మీ రచయిత ఆ మొదటి నిమిషమైనా చూశారా అని అడుగుతున్నాను.

పిల్లలు ముగ్గురూ పెరట్లో చెట్టు మీది గుడిసెలో చేరి ఒకరికొకరు దయ్యాల కథలు చెప్పుకుంటారు. అందుకే ఆ పేరు. తర్వాతి ఏళ్ళలో ఆ చెట్టూ గుడిసే కథల్లోంచి పోయాయి, పేరు మాత్రం నిలిచింది. ఆ రాత్రి మూడో కథగా కూతురు లీసా పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలు వినగానే నేను లేచి కూర్చున్నాను. అమెరికన్ కవి ఎడ్గార్ అలన్ పో రాసిన 'ద రేవెన్'! వాల్తేరు క్లాసు గదిలో ఉక్కపోతలో కూర్చుని బట్టీపట్టిన పద్యం. దాన్ని నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ తన గంభీరమైన గొంతుతో చదువుతుంటే, చనిపోయిన ప్రియురాలి పటంలో మార్జ్ ముఖం, ఆమె కోసం కుమిలిపోయే మనిషిగా తండ్రి హోమర్, తలుపు మీద వాలిన బొంతకాకిగా కొడుకు బార్ట్. కాకి 'నెవర్‌మోర్' (ఇంకెన్నడూ లేదు) అనాల్సిన చోట బార్ట్ తన మామూలు అల్లరి మాట విసురుతాడు. లీసా ఊరుకోదు. పద్యంలో ఉన్నది అదొక్క మాటే, అదే అనాలి అని గదమాయిస్తుంది. పద్యం మీద అంత పట్టింపు నేను మా లెక్చరర్ల దగ్గరే చూశాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత మా అబ్బాయి వాళ్ళ ఇంగ్లీషు టీచర్ పో పద్యం చెప్పే ముందు ఇదే భాగాన్ని క్లాసులో వేసి చూపించింది.

కథ అయ్యాక బార్ట్ ఇందులో భయమేముంది అంటాడు. ఇది 1845లో రాసింది, అప్పటివాళ్ళు తేలిగ్గా భయపడేవారేమో అంటుంది లీసా. పిల్లలు దిగి వెళ్ళి హాయిగా నిద్రపోతారు. చెట్టు దగ్గర చాటుగా నిలబడి విన్న తండ్రి హోమర్‌కి మాత్రం నిద్ర పట్టదు, దీపం ఆర్పనివ్వడు. మీ వ్యాసం పిల్లలు దడుసుకుంటున్నారని రాసింది. ఆ కథలో దడుసుకున్నది పెద్దవాడు. భయం ఎవరిదో ఇంత విప్పి చూపించిన కథని పట్టుకుని, పిల్లల్ని భయపెట్టేదని ఎలా రాయగలిగారు?

అదే రాత్రి రెండో కథ ఇంకా చెప్పాలి. గ్రహాంతర వాసులు ఈ కుటుంబాన్ని ఎత్తుకుపోయి రకరకాల వంటలు పెట్టి మేపుతుంటారు. లీసాకి అనుమానం వస్తుంది. వంటగదిలో ఒక పుస్తకం దొరుకుతుంది: మనుషుల్ని వండటం ఎలా. ఆ గ్రహాంతర వాసులు దాని మీది దుమ్ము కొంచెం ఊదుతారు: మనుషుల కోసం వండటం ఎలా. లీసా ఇంకొంచెం ఊదుతుంది: నలభై మంది మనుషుల్ని వండటం ఎలా. చివరి దుమ్ము పోయాక తేలేది, నలభై మంది మనుషుల కోసం వండటం ఎలా అని. అంత మర్యాద చేసినవాళ్ళు మనసు కష్టపెట్టుకుని వీళ్ళని తిరిగి భూమ్మీద దింపేస్తారు. ఆ అంతరిక్ష ఓడలో రాక్షసులు మనమే అని లీసా ఒప్పుకుంటుంది. సగం అట్ట చదివి తీర్పు చెబితే ఏమవుతుందో ఇంతకన్నా బాగా చెప్పిన కథ నేను టీవీలో చూడలేదు. మీ వ్యాసం సరిగ్గా ఆ పనే చేసింది.

డిస్నీ సంగతి. ఈ సీరియల్‌ని పుట్టించింది, ప్రసారం చేస్తున్నది ఫాక్స్ టీవీ సంస్థ. డిస్నీ చేతికి వచ్చింది 2019 మార్చిలో. అప్పటికే ఇరవై తొమ్మిది హాలోవీన్ భాగాలు వచ్చేశాయి. ఇది పిల్లల కార్యక్రమం ఏనాడూ కాదు. రాత్రి పూట, ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునే వేళలో వచ్చే హాస్య కార్యక్రమం. ఎన్నేళ్ళ పిల్లలు చూడవచ్చో చెప్పే గుర్తు 1997 నుంచి తెర మూల వేస్తూనే ఉన్నారు. నెత్తురు ఉండదని నేను అనను. 1994 భాగంలో బడి పంతుళ్ళు పిల్లల్ని వండుకు తినే కథ ఉంది. అది మా అబ్బాయికి పన్నెండేళ్ళు వచ్చేదాకా చూపించలేదు. చూపించకపోవడం నా పని, నేను చేశాను. అన్ని ఇళ్ళలోనూ తీసెయ్యమని అడగడం నా పని కాదు.

పెద్దల్లో ఈ జబ్బు కొత్తది కాదు. 1990లో బార్ట్ బొమ్మ ఉన్న చొక్కాలు వేసుకు రావద్దని ఇక్కడ కొన్ని బడులు నిషేధం పెట్టాయి. 1992 జనవరిలో సాక్షాత్తూ అధ్యక్షుడు జార్జ్ బుష్ అమెరికా కుటుంబాలు సింప్సన్స్‌లా కాదు, 'ద వాల్టన్స్' అనే పాత సీరియల్‌లోని కుటుంబంలా ఉండాలని సభలో చెప్పాడు. దేశంలో ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న రోజులవి. ఏలేవాళ్ళకి చేతగాని పని ఎదురైనప్పుడల్లా బొమ్మల మీద పడటం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. 1996 అధ్యక్ష ఎన్నికలకు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు వచ్చిన భాగంలో ఇద్దరు గ్రహాంతర వాసులు అభ్యర్థులైన క్లింటన్, డోల్ వేషాలు వేసుకుని పోటీ చేస్తారు. ముసుగులు ఊడిపోయాక కూడా ఉన్నది రెండే పార్టీలు కదా అని జనం వాళ్ళకే ఓటు వేస్తారు. ఎవరు గెలిచినా గొలుసులు తప్పవు. ఓటు హక్కు వచ్చిన ఏడాది మా అబ్బాయి మళ్ళీ పెట్టుకుని చూసిన భాగం అది. దీన్ని దయ్యాల పిచ్చి అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తప్పు పట్టాలనుకుంటే పట్టడానికి చాలా ఉంది. బేస్‌బాల్ పోటీల కోసం ఫాక్స్ వాళ్ళు 2000 నుంచి 2008 దాకా వరుసగా ఈ భాగాన్ని నవంబర్‌లో వేశారు. పండక్కి పెట్టిన గుమ్మడికాయలు కుళ్ళి చెత్తబుట్టలోకి పోయాక హాలోవీన్ ఏమిటి? కనుమ కూడా వెళ్ళిపోయాక భోగిమంట వేసినట్టు. మా కొలంబస్ చుట్టుపక్కల పిల్లలు మిఠాయిల కోసం తలుపులు తట్టే రాత్రిని బెగ్గర్స్ నైట్ అంటారు. అది ఎప్పుడో అధికారులు ప్రకటించాల్సి వచ్చేది. అక్టోబర్ 31వ తేదీనే అని ఏళ్ళ తరబడి నమ్మకం ఉండేది కాదు. పండగకో రోజుంటుందని ఏలేవాళ్ళకీ పట్టలేదు, టీవీ వాళ్ళకీ పట్టలేదు.

అసలు తప్పు అపూ. ఈ సీరియల్‌లో కిరాణా కొట్టు నడిపే భారతీయుడికి ఏళ్ళ తరబడి ఒక తెల్లజాతి నటుడు యాస పెట్టి గొంతు ఇచ్చాడు. మా అబ్బాయి బడి బస్సు దిగుతుంటే వెనకనుంచి 'థాంక్యూ, కమ్ అగైన్' అని అదే యాసలో అరిచేవాళ్ళు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్న రోజులున్నాయి. ఆ సీరియల్‌ని ఇష్టపడుతూనే ఆ పాత్రని నేను క్షమించలేదు. దాన్ని నిలదీస్తూ 2017లో డాక్యుమెంటరీ తీసినవాడు హరి కొండబోలు, న్యూయార్క్‌లో పుట్టిన తెలుగింటి పిల్లవాడు. 2020 జనవరిలో ఆ నటుడు హాంక్ అజారియా ఇక ఆ పాత్రకు గొంతు ఇవ్వనన్నాడు, మరుసటి ఏడాది క్షమాపణ కూడా చెప్పాడు. మన పిల్లవాడు ఒక్కడు నిలబడితే అంత పెద్ద సీరియల్ దిగివచ్చింది. మీ పత్రికలో అప్పుడు ఒక్క వాక్యం నాకు కనబడలేదు. ఇప్పుడు సింప్సన్స్ మీద ముప్పావు పేజీ వేశారు, అందులోనూ అపూ పేరు లేదు.

దయ్యాల కథలు మన సంస్కృతి కాదని రాసిన వాక్యం దగ్గర నేను పేపరు మూసేశాను. చందమామ చదివి పెరిగిన తరం నాది. చెట్టుకు వేలాడే శవం, అందులో బేతాళుడు, శ్మశానం, భుజాన వేసుకుని మౌనంగా నడిచే విక్రమార్కుడు. తెలిసి కూడా చెప్పకపోతే తల వేయి చెక్కలవుతుందన్న బెదిరింపు నెలనెలా చదివాం, మా అమ్మే చదివి వినిపించేది. దాంతో మేం పాడైపోయామని ఎవరూ అనలేదు. ఆ కథ అడిగే ప్రశ్నకి జవాబు వెతకడమే మాకు చదువయింది. అలాంటి కథలు పెద్దలూ పిల్లలూ కలిసి చూసేలా బొమ్మల్లో తీద్దామన్న ఆలోచన తెలుగు టీవీలో ఎవరికీ రాదు. బొమ్మలనగానే చిన్నపిల్లల సరుకు అని పక్కన పడేస్తారు. మీ అనుబంధం కూడా అదే పని చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

నేను అడిగేది సవరణ. ఇది పిల్లల కార్యక్రమం కాదనీ, 1990లో మొదలుపెట్టింది డిస్నీ కాదనీ, మీరు దయ్యపు పక్షి అని రాసినది పో పద్యంలోని బొంతకాకి అనీ వేయండి. వ్యాసం వచ్చిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో. వ్యాసం రాసినవారిని ఆ 1990 భాగం ఒకసారి చూడమనండి, అరగంట కూడా పట్టదు. చూశాక కూడా వారి అభిప్రాయం అదే అయితే మళ్ళీ రాయమనండి, చదువుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొలంబస్, ఒహాయో